వేట దొరల సంఘం – మన వేటగాళ్ల చూపు

బడిలో కొత్తగా చేరిన పిల్లల్ని "మీ నాన్న ఏం చేస్తాడు?" అని మాస్టారు అడిగితే, పోడు చేస్తాడనో, కూలికి వెళ్తాడనో, అడ్డాకులు ఏరుతాడనో చెబుతారు. వేటగాడు అని మాత్రం ఏ పిల్లాడూ చెప్పడు. అలా చెప్పకూడదని వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఇంట్లో పెద్దలు ఆ మాట వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించడం చూసి వాళ్లే నేర్చుకున్నారు.

అయినా ఎండాకాలంలో భూమి పండుగ వస్తే కోయ ఊళ్లలో వేట మాట రాకుండా ఉండదు. విత్తనాలకు పూజ చేసి, మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని అడవికి వెళ్లడం ఆ పండుగలో భాగంగా ఉండేది. వట్టి చేతులతో తిరిగొచ్చినవాళ్లను ఆడవాళ్లు ఎగతాళి చేసేవారు. వేట అంటే మనకు కూర ఒక్కటే కాదు. వానకు ముందు ఊరంతా కలిసి చేసే పని అది, కుర్రవాళ్లకు అడవిని చూపించే బడి కూడా అదే.

ఇదే వేటను ఇంకొకరు కూడా చేశారు. వాళ్లు గుర్రాల మీద, ఏనుగుల మీద వచ్చారు. వాళ్లకు సంఘం ఉంది, ఆ సంఘానికి పత్రిక ఉంది, చంపినవాటిని నలుగురికీ చూపించే ప్రదర్శనలు ఉన్నాయి. ఆ సంఘంలోని వేటగాళ్ల ఆలోచన నూరేళ్లలో ఎలా మారిందో, ఆ సంఘం గురించి మన వేటగాళ్ల ఆలోచన ఎలా మారిందో ఈ వ్యాసంలో చెప్పుకుందాం. ఇది ఎక్కడో బొంబాయి ముచ్చట అనిపించవచ్చు. కానీ ఆ పత్రిక పుటల్లో మన కొల్లేరు ఉంది, మన తెలుగు అడవులు ఉన్నాయి. లేనిది మన పేర్లే.

ఎనిమిది మందితో మొదలు

1883 సెప్టెంబరు 15న బొంబాయిలో ఎనిమిది మంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ. ఆ ఎనిమిది మందిలో ఇద్దరు భారతీయులు, డాక్టర్ ఆత్మారాం పాండురంగ్, డాక్టర్ సఖారాం అర్జున్. మిగిలినవాళ్లు ఇంగ్లీషు దొరలు. నెలకోసారి కూర్చోవడం, చూసినవి చెప్పుకోవడం, సంపాదించిన జంతువులను, పక్షులను, పురుగులను ఒకరికొకరు చూపించుకోవడం, ఇవే వాళ్లు మొదట అనుకున్న పనులు. 1884లో ఫిప్సన్ అనే సారా వ్యాపారి తన దుకాణంలో ఒక గది ఇచ్చాడు. కొమ్ములు, తోళ్లు, సీసాల్లో పాములు, గుడ్లు అక్కడికి చేరడం మొదలైంది. 1894లో ఒక పెద్ద హార్న్‌బిల్ పక్షిని తెచ్చి ఆ కార్యాలయంలోనే పెంచారు. దానికి విలియం అని పేరు పెట్టారు. 1920లో అది చనిపోయేదాకా అక్కడే ఉంది. ఈనాటికీ ఆ సంఘం గుర్తు ఆ పక్షే.

1886లో సంఘం తన పత్రిక మొదలుపెట్టింది. ఎయిట్‌కెన్, స్టెర్న్‌డేల్ అనే ఇద్దరు దానికి తొలి సంపాదకులు. స్టెర్న్‌డేల్ సాత్పురా కొండల్లో వేటాడినవాడు, ఆ వేటల మీద పుస్తకం రాసినవాడు. ఆ కొండలు గోండుల కొండలు. గోండులు మన కోయలకు భాషలో దగ్గరి చుట్టాలు. అంటే ఈ పత్రిక పుట్టుకలోనే మన చుట్టాల అడవి ఉంది.

ఆ పత్రికకు రాసినవాళ్లలో సైనికాధికారులు, కలెక్టర్లు, అడవి ఆఫీసర్లు, తేయాకు తోటల దొరలు ఎక్కువ. ఫలానా చోట కొట్టిన దున్న కొమ్ము ఇన్ని అంగుళాలు, ఫలానా పులి ముక్కు నుంచి తోక దాకా ఇంత పొడవు అని రాసేవారు. పులి మనిషిని ఎందుకు తింటుంది, ఎలుగుబంటికి చూపు ఎంత, అడవి కుక్కలు దుప్పిని ఎలా తరుముతాయి అని వాదించుకునేవారు. అందులో మంచి పరిశీలన ఉంది, కాదనలేం. కానీ అడుగుజాడ చూసి జంతువు ఎటు పోయిందో చెప్పింది ఎవరు? నీటిగుంట దగ్గర మంచె కట్టింది ఎవరు? దెబ్బ తిన్న పులిని వెతకడానికి పొదల్లోకి ముందు వెళ్లింది ఎవరు? ఆ రాతల్లో మన మనిషి చాలాసార్లు 'నా షికారీ' అని ఒక్క మాటగానే కనిపిస్తాడు. తుపాకీ కంపెనీ పేరు ఉంటుంది, గుండు కొలత ఉంటుంది, షికారీకి మాత్రం పేరుండదు.

వినోదమైన వేట, నేరమైన వేట

ఆ రోజుల్లోనే మన చేతులు కట్టే చట్టాలు వచ్చాయి. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మన గోదావరి మన్యం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి ఆ చట్టం మన మీదా పడింది. అడవిలో గీతలు గీసి, రిజర్వు అన్నారు. తాతల నాటి నుంచి నడిచిన దారి ఒక్క కాగితంతో అనుమతి అడగాల్సిన దారి అయింది.

అదే ప్రెసిడెన్సీలో, నీలగిరి కొండల్లో, బొంబాయి సంఘం కన్నా ముందే 1877లో ఇంకో వేట సంఘం పుట్టింది. వేట జంతువులు తగ్గిపోతున్నాయని అక్కడి దొరలు బెంగపడ్డారు. 1879లో నీలగిరుల కోసం ప్రత్యేకంగా వేట చట్టం తెప్పించుకున్నారు. కొన్ని నెలలు వేట మానాలి, మిగతా నెలల్లో లైసెన్సు ఉండాలి. జంతువులను కాపాడాలన్న ఆలోచన చట్టంలోకి వచ్చిన తొలి రోజుల్లో ఇదొకటి. అందులో మంచి ఉంది. కానీ లైసెన్సు కొనగలిగినవాడి వేట వినోదమైంది. కొనలేని ఇరుళ, కురుంబ మనుషుల వేట దొంగతనమైంది. జంతువు అదే, అడవీ అదే. చంపే మనిషిని బట్టి ఆ పని పేరు మారిపోయింది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆ కాలంలో పులిని చంపితే సర్కారు బహుమతి ఇచ్చేది. చిరుతకూ ఇచ్చేది. తల, తోలు తెచ్చి కచేరీలో చూపిస్తే రూపాయలు లెక్కపెట్టి ఇచ్చేవారు. అంటే మన ముత్తాత పులిని కొట్టి బహుమతి తీసుకుని ఉండవచ్చు, అదే రిజర్వులో కుందేలుకు ఉచ్చు పెట్టి జరిమానా కట్టి ఉండవచ్చు. ఏది తప్పో ఏది ఒప్పో అడవిలో ఉన్నవాడికి తెలిసే వీలు ఎక్కడిది?

దున్న కొండలు, రెండు రకాల కొమ్ములు

గోదావరి చీల్చుకుని వచ్చే మన పాపికొండల ప్రాంతానికి ఇంగ్లీషువాళ్లు బైసన్ హిల్స్ అని పేరు పెట్టారు, అంటే అడవిదున్నల కొండలు. 1945లో హైమెండార్ఫ్ కొండరెడ్ల మీద రాసిన పుస్తకం పేరులో కూడా ఆ మాటే ఉంది. ఒక ప్రాంతాన్ని అక్కడి వేట జంతువు పేరుతో గుర్తుపెట్టుకున్నారంటే, దొరలు ఆ కొండలను ఏ కళ్లతో చూశారో తెలుస్తుంది.

దున్న మనకూ పెద్ద జంతువే. కోయల కొమ్ము నాట్యంలో మగవాళ్లు తలకు దున్న కొమ్ములు కట్టుకుంటారు. డోలు వాయిస్తూ, రెండు దున్నలు ఢీకొన్నట్టు తలలు వంచి ఆడతారు. ఆ కొమ్ములు తండ్రి నుంచి కొడుక్కి వస్తాయి. పెళ్లికి, పండుగకు బయటికి తీస్తారు, తర్వాత జాగ్రత్తగా దాస్తారు.

దొర కొట్టిన దున్న కొమ్ముల సంగతి వేరు. లండన్‌లో రోలండ్ వార్డ్ అనే కంపెనీ 1892 నుంచి ఒక పుస్తకం వేస్తూ వచ్చింది. ప్రపంచంలో ఎవరు ఎంత పెద్ద కొమ్ములున్న జంతువును కొట్టారో అందులో కొలతలతో సహా ఉంటుంది. కొమ్ము గోడకెక్కింది, కొలత పుస్తకానికెక్కింది, చంపినవాడి పేరు పక్కన చేరింది.

మనది కూడా ప్రదర్శనే, వాళ్లదీ ప్రదర్శనే. మన కొమ్ము ఊరిది. అది కట్టుకుని ఆడినవాడు ఆ పూట దున్న అవుతాడు. వాళ్ల కొమ్ము కొట్టినవాడి సొంతం. ఈ తేడా చెప్పడం మన గొప్ప చాటుకోవడానికి కాదు. ఈ రోజు గణతంత్ర దినోత్సవాల్లో, మంత్రుల సభల్లో మన కొమ్ము నాట్యం వేయిస్తున్నారు. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. ఆ కొమ్ము వెనక వేట ఉందని, ఆ వేట వెనక జంతువు నడక, నోరు, అలవాటు తెలిసిన తెలివి ఉందని ఎవరూ అడగరు. అడవిదున్నను ఇప్పుడు చట్టం గట్టిగా కాపాడుతోంది. ఆట మిగిలింది, ఆటకు తల్లి అయిన తెలివి మాత్రం ముసలివాళ్లతో పోతోంది.

తాతల చూపు

దొరలతో వేటకు వెళ్లిన రోజుల గురించి మన పెద్దలు చెప్పే మాటల్లో గర్వమూ ఉంటుంది, నవ్వూ ఉంటుంది. దొర మంచివాడైతే కూలి ఇచ్చేవాడు, మాంసం మొత్తం వదిలేసేవాడు. ఊరంతా పంచుకునేది. దొర గురి తప్పినా మెచ్చుకోవాల్సి వచ్చేది. తినకుండా చంపడం, తోలు, తల తీసుకుపోవడం వాళ్లకు అర్థమయ్యేది కాదు. ఆ తల ఎక్కడికి వెళ్తుందో, దాని గురించి ఎవరు ఏం రాస్తారో తెలియదు. సంఘం సంగతీ పత్రిక సంగతీ తెలిసే వీలే లేదు. ఆ తరం మనవాళ్లకు దొర వేట అంటే కూలి దొరికే పని, తప్పించుకోలేని వెట్టి కూడా. దారి చూపించేవాడు మనవాడు, దారి దొరికిందని రాసుకున్నవాడు దొర.

తుపాకీ దించినవాళ్లు

బొంబాయి సంఘంలో మార్పు ఒక్కరోజులో రాలేదు. 1911లో దేశమంతటా క్షీరదాల సర్వే మొదలుపెట్టారు. అది ఎన్నో ఏళ్లు సాగింది. వేల జంతువుల తోళ్లు, పుర్రెలు సేకరించారు. వినోదం కోసం కొట్టడం పోయి, శాస్త్రం కోసం కొట్టడం వచ్చింది. చంపడం ఆగలేదు, కానీ ఎందుకు చంపాలన్న ప్రశ్న పుట్టింది.

1908 ప్రాంతంలో సలీం అలీ అనే బొంబాయి పిల్లాడు గాలి తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని మెడ దగ్గర పసుపు మచ్చ ఉంది. ఇదేం పిచ్చుకో తెలుసుకుందామని ఆ సంఘం కార్యాలయానికి తీసుకెళ్లాడు. అప్పటి కార్యదర్శి మిల్లార్డ్ అతన్ని తిట్టలేదు. పిట్ట పేరు చెప్పి, బీరువాలు తెరిచి, నింపి పెట్టిన పక్షులను వరుసగా చూపించాడు. ఆ పిల్లాడే తర్వాత దేశంలో పెద్ద పక్షి శాస్త్రవేత్త అయ్యాడు. 1926లో బొంబాయి మ్యూజియంలో జంతువుల విభాగం దగ్గర జనానికి వివరించి చెప్పే ఉద్యోగం చేశాడు. 1931–32లో నిజాం సర్కారు సాయంతో హైదరాబాద్ రాష్ట్రంలో పక్షుల సర్వే చేశాడు. చెంచుల నల్లమలలో కొంత భాగం కూడా ఆ రాష్ట్రంలోదే. ఆ సర్వే ఫలితాలు సంఘం పత్రికలో వరసగా వచ్చాయి. 1941లో ఆయన పక్షుల పుస్తకం వచ్చింది. 1985లో రాసుకున్న ఆత్మకథకు కూడా ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నాడు.

ఉపాధ్యాయులు ఈ కథను తరగతిలో చెప్పాలి. చెప్పిన తర్వాత ఒక ప్రశ్న కూడా అడగాలి. మన ఊళ్లో పిల్లాడు ఉండేలుతో పిట్టను కొడితే ఏమవుతుంది? తిట్లు పడతాయి, లేకపోతే పిట్ట పొయ్యి మీద కాలుతుంది. దాని పేరేమిటి, ఏం తింటుంది, ఎక్కడ గూడు కడుతుంది అని అతన్ని కూర్చోబెట్టి అడిగే గది మన దగ్గర లేదు. సలీం అలీకి ఉన్నదీ మన పిల్లాడికి లేనిదీ ఆ గదే.

అదే కాలంలో దొరల్లో కూడా కొందరు తుపాకీ దించారు. కల్నల్ బర్టన్ ఏళ్ల తరబడి వేటాడినవాడు. 1950ల మొదట్లో దేశంలో వేట చరిత్రనూ, జంతువులను కాపాడాల్సిన అవసరాన్నీ అదే పత్రికలో రాశాడు. అస్సాం తేయాకు తోటల ఇ.పి. గీ తుపాకీ వదిలి కెమెరా పట్టుకున్నాడు. మార్పు నిజమైనదే. కానీ ఒకటి గమనించాలి. కడుపు నిండా వేటాడిన తర్వాత, తమకు తోచినప్పుడు, తమ ఇష్టంతో వాళ్లు మారారు. వాళ్లు మారిన నాడు ఆ మార్పే దేశానికి నీతి అయింది. ఆ నీతిని మోయాల్సిన అడవి మనుషులను మాత్రం ఎవరూ పిలిచి అడగలేదు.

ఆరేడు చెట్ల మీద గూడబాతులు

ఇప్పుడు కొండ దిగి కొల్లేటికి వద్దాం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు దానిలోకి నీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీళ్లను సముద్రానికి తీసుకెళ్తుంది. చలికాలంలో పరజలు, కొంగలు, నీటికోళ్లు లెక్కలేనన్ని దిగుతాయి. ఈ పల్లంలో యానాదులు, ఎరుకలు, నక్కలవాళ్లు చేపలు, ఎలుకలు, పక్షులు పట్టి బతికారు. పొలంలో ఎలుకలు పడితే రైతుకూ మేలే, మనకూ కూరే. ఏ గాలికి ఏ పిట్ట ఏ మడుగులో దిగుతుందో వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

బడిపుస్తకాల్లో పెలికాన్ అని రాసే పక్షి మన గూడబాతు. ముక్కు కింద సంచి ఉంటుంది. అది దేశంలో ఎక్కడ గుంపుగా గూళ్లు కడుతుందో పక్షి శాస్త్రవేత్తలకు చాలా ఏళ్లు సరైన జాడ లేదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ, కొల్లేటి దగ్గర పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో ఆ గూళ్లు చూశాడు. 1949లో సొసైటీ పత్రికలో వివరంగా రాశాడు. ఆయనే తర్వాత ఇందుచూడన్ పేరుతో కేరళ పక్షుల మీద పెద్ద పుస్తకం రాసినవాడు. 1960లో గీ కూడా కొల్లేటి గూడబాతుల గురించి అదే పత్రికలో రాశాడు.

నీలకంఠన్ రాత వల్ల మన కొల్లేరు ప్రపంచానికి తెలిసింది. అందుకు ఆయనకు దండం పెట్టాలి. కానీ 'కనుగొన్నారు' అనే మాట దగ్గర మనం కాస్త ఆగాలి. చెట్ల మీద అంత పెద్ద పక్షులు గుంపులుగా గూళ్లు కడితే కింద ఉన్న ఊరికి తెలియకుండా ఉంటుందా? ఏటా పిల్లల అరుపులు విన్నవాళ్లకు, రెట్ట వాసన పీల్చినవాళ్లకు అది కొత్త సంగతా? ఊరికి తెలుసు, రాయలేదు. ఒక మనిషి వచ్చి రాశాడు. రాసిన రోజునే అది తెలిసినట్టు లెక్క అయింది.

1970ల నడిమికి కొల్లేటి గూడబాతులు గూళ్లు వదిలేసి వెళ్లిపోయాయి. తర్వాతి కాలంలో సరస్సు అంతా చేపల చెరువుల గట్లతో నిండింది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ చిత్తడి నేల అయింది. 2006లో చెరువుల గట్లు కొట్టించారు. గూడబాతులు మళ్లీ వచ్చి ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో గూళ్లు కడుతున్నాయి. చెట్లు చాలక అటవీశాఖ పాతించిన ఇనుప స్టాండ్ల మీద కూడా పిల్లలను పెంచుతున్నాయి. జనం పడవెక్కి చూసి వస్తున్నారు. ఒకప్పుడు నింపిన తోలు చూపించేవారు, ఇప్పుడు బతికున్న పక్షిని చూపిస్తున్నారు. ఇది మంచి ప్రదర్శన. మన పిల్లలను కూడా తీసుకెళ్లి చూపించాల్సిన ప్రదర్శన.

1972 తర్వాత

1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్ని జంతువులకు లైసెన్సు వేట ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. పంట మీద పడినవాటి విషయంలోనో, ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడో తప్ప వేట అనేదే నేరం. ఈ చట్టం 65వ సెక్షన్ నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగల వేట హక్కును ముట్టుకోలేదు. మిగతా దేశంలో ఏ ఆదివాసీకీ ఆ మినహాయింపు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కులు చాలావాటిని ఒప్పుకుంది. కానీ వేటాడే హక్కును, ఉచ్చు పెట్టే హక్కును స్పష్టంగా బయట పెట్టింది.

ఈ తరం వేటగాళ్లకు, అంటే మన తండ్రుల తరానికి, 'పక్షుల సంఘం', 'జంతువుల సంఘం' అన్న మాట వినబడితే కోపం వచ్చేది. దొరలు చంపి చంపి తగ్గించారు, ఇప్పుడు మనల్ని దొంగలంటున్నారు అనేవారు. బైనాక్యులర్స్ వేసుకుని ఎవరైనా ఊళ్లోకి వస్తే అటవీశాఖ మనుషులేమో అని ఉచ్చులు దాచేవారు. ఆ కోపంలో న్యాయం ఉంది.

న్యాయం ఉంది కానీ నిజం మొత్తం అందులో లేదు. అది కూడా మనమే చెప్పుకోవాలి. తాతల వేటకు కట్టుబాట్లు ఉండేవి. కుల గుర్తు అయిన జంతువును ముట్టేవారు కాదు, దేవర అడవిలోకి విల్లు తీసుకెళ్లేవారు కాదు. తర్వాత నాటు తుపాకీ వచ్చింది, ఇనుప తీగ ఉచ్చు వచ్చింది, కరెంటు తీగ వచ్చింది, గింజలకు మందు కలపడం వచ్చింది. కొల్లేటి పిట్టలు సంతకెక్కాయి. తీగ ఉచ్చుకు కడుపుతో ఉన్న దుప్పి అని తెలియదు, పసి పిల్ల అని తెలియదు. కూర కోసం పట్టిన చేయి వేరు, వ్యాపారికి గంపలు నింపిన చేయి వేరు. కొన్ని చోట్ల ఆ రెండో చేయి కూడా మనదే. అడవి తరిగిన చోట పాత వేటను అలాగే సాగించాలనడం కూడా సరికాదు. మనం అడిగేది వేటకు లైసెన్సు కాదు. వేట నేర్పిన తెలివికి గౌరవం అడుగుతున్నాం.

కలివికోడి నేర్పిన పాఠం

ఆ తెలివి విలువ ఎంతో 1986లో కడప జిల్లాలో తేలింది. కలివి పొదల్లో తిరిగే ఒక చిన్న పక్షి ఉంది. ఊళ్లో దాన్ని కలివికోడి అంటారు. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డన్ దాన్ని 1848 ప్రాంతంలో లోకానికి తెలిపాడు, శాస్త్రంలో ఆయన పేరే ఉండిపోయింది. 1900 తర్వాత ఏ శాస్త్రవేత్తకూ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

1980లలో బొంబాయి సంఘం దాన్ని వెతకడానికి మనుషులను పంపింది. ఆ పనిలో ఉన్న భరత్ భూషణ్ స్థానిక వేటగాళ్ల సాయం తీసుకున్నాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రిపూట లైటు వెలుగులో కలివికోడిని ప్రాణాలతో పట్టుకొచ్చాడు. 86 ఏళ్లుగా లోకం లేదనుకున్న పక్షి అది! ఆ పక్షి కోసం లంకమల అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా తర్వాత మార్చాల్సి వచ్చింది.

పగలు పొదల్లో దాక్కుని రాత్రి తిరిగే పక్షి అది. పట్టపగలు బైనాక్యులర్స్‌తో తిరిగితే దొరకదు. రాత్రి వేట తెలిసినవాడికే దొరుకుతుంది. వేటగాడి తెలివే ఒక జాతిని తిరిగి లెక్కలోకి తెచ్చింది. ఈసారి పేరు కూడా రాశారు. పాత పత్రికలో 'నా షికారీ' అని పోయిన మనిషి, నూరేళ్ల తర్వాత ఐతన్నగా నిలబడ్డాడు. పట్టిన ఆ పక్షి కొద్ది రోజులకే చనిపోయిందన్నది కూడా ఈ కథలో భాగమే. పట్టడం తెలిసినా, బతికించడం ఇంకో విద్య.

ఇలాంటిదే ఇంకో ఉదాహరణ బీహారులో ఉంది. అక్కడి మీర్ షికార్లు తరతరాలుగా పిట్టలు పట్టేవాళ్లు. సొసైటీ వలస పక్షుల కాళ్లకు ఉంగరాలు వేసే పని మొదలుపెట్టినప్పుడు, ఈక కూడా ఊడకుండా పక్షిని పట్టే చేతులు కావాల్సి వచ్చాయి. అలీ హుస్సేన్ అనే మీర్ షికారి అందులో ఎంత పేరు తెచ్చుకున్నాడంటే, శాస్త్రవేత్తలే ఆయన దగ్గర నేర్చుకున్నారు.

ఈ కథలు విన్న మన యువకుల చూపు మళ్లీ మారుతోంది. ఆ సంఘం దొరలదే అని ఒకప్పుడు అనుకున్నాం, శత్రువే అని తర్వాత అనుకున్నాం. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు. వాళ్ల దగ్గర సంఘం ఉంది, పత్రిక ఉంది, ప్రదర్శన ఉంది. మన దగ్గర ఏముంది?

మన పత్రిక, మన ప్రదర్శన

ఉన్నది తెలివి. లేనిది రాత. దాన్ని సమకూర్చుకోవడానికి రెండు చట్టాలు మనకు సాయంగా ఉన్నాయి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలో ఒక కమిటీ ఉండాలి. ఆ ప్రాంతపు మొక్కలు, జంతువులు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు ఒక రిజిస్టరులో రాయాలి. అటవీ హక్కుల చట్టం వేట హక్కును తీసేసినా, జీవవైవిధ్యం గురించి మన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు మనదేనని 3వ సెక్షన్‌లో ఒప్పుకుంది. అడవినీ జంతువులనూ కాపాడే అధికారం గ్రామసభకు 5వ సెక్షన్‌లో ఇచ్చింది.

కాబట్టి ఉపాధ్యాయులకు మా విన్నపం ఇది. బుట్టాయగూడెం, పోలవరం, జీలుగుమిల్లి, కుక్కునూరు వైపు బడుల్లో ఎనిమిదో తరగతి నుంచి ప్రతి పిల్లాడికీ ఒక నోటు పుస్తకం ఇవ్వండి. ఊళ్లో వేట తెలిసిన తాత దగ్గర కూర్చోమనండి. ఒక్కో జంతువుకు కోయ భాషలో, కొండరెడ్ల మాటలో పేరేమిటి, అడుగు ఎలా ఉంటుంది, ఏ నెలలో ఈనుతుంది, ఏం తింటుంది, దాని మీద ఉన్న కట్టుబాటు ఏమిటి, చివరిసారి ఎప్పుడు కనిపించింది అని రాయించండి. కొల్లేటి వైపు బడుల్లో యానాది, ఎరుకల పెద్దల దగ్గర పిట్టల పేర్లు రాయించండి. చెప్పిన పెద్దల పేరు, ఒప్పుకుంటే, ప్రతి పేజీ మీద రాయండి. ఇది వేట నేర్పడం కాదు. వేటలో పుట్టిన చదువును పోనివ్వకుండా పట్టుకోవడం.

ఏడాదికోసారి భూమి పండుగ రోజుల్లో ఆ పుస్తకాలను ఊరి చావడిలో పరిచి పెట్టండి. పక్కన విల్లు, వల, కొమ్ము నాట్యపు డోలు పెట్టండి. ఎండిన తల ఒక్కటి కూడా అక్కర్లేదు. అదే మన ప్రదర్శన. ఆ నోటు పుస్తకాల్లో మంచివి ఏరి అచ్చు వేస్తే అదే మన పత్రిక.

అప్పుడు కొత్తగా చేరిన పిల్లాడిని మాస్టారు "మీ తాత ఏం చేసేవాడు?" అని అడిగితే, తల దించుకోకుండా "వేటగాడు సార్. ఆయన చెప్పినవన్నీ రాసుకున్నాను" అని పుస్తకం తీసి చూపించగలుగుతాడు.